పెట్టె ఒకటే, పాటదారులు వేరు: సందర్భోచిత ప్రకటనల అనుకరణపై ఒక కేస్ స్టడీ

2008లో నేను ఒక సైట్‌కు ప్రకటనల ఆదాయం చూసే బాధ్యతలో ఉన్నాను. గృహోపకరణాల వాడకం గురించి, వాటికి వచ్చే చిన్న చిన్న మరమ్మతుల గురించి ఇంగ్లీషులో వివరంగా రాసే సైట్ అది. దాని ఖర్చులు దాదాపుగా సందర్భోచిత ప్రకటనల మీదే గడిచేవి. పేజీలో కొన్ని వరుసల కోడ్ అతికిస్తే ప్రకటనల ప్రోగ్రామ్ ఆ పేజీలోని విషయాన్ని చదివి, దానికి తగిన ప్రకటనలను ఒక పెట్టెలో చూపిస్తుంది. పాఠకుడు ప్రకటనను నొక్కినప్పుడు ప్రకటనదారు కట్టే సొమ్ములో కొంత వాటా సైట్‌కు వచ్చేది. ఆ ఏడాది మధ్యలో మరో ప్రోగ్రామ్ ప్రతినిధి నుంచి యజమానికి మెయిల్ వచ్చింది. కోడ్ అలాంటిదే, పెట్టె కొలతలు అవే, రంగులు మార్చుకునే సదుపాయమూ అదే, వాటా మాత్రం ఎక్కువ అని దాని సారాంశం. రెండూ ఒకటే అయినప్పుడు ఎక్కువ ఇచ్చేవారి దగ్గరికి ఎందుకు మారకూడదని యజమాని నన్ను అడిగారు.

అడగవలసిన ప్రశ్నే అది. ఊహ మీద జవాబు చెప్పడం ఇష్టం లేక ఎనిమిది వారాల పరీక్ష పెట్టాము. అందులో ఏం తేలిందో, ఎందుకు అలా తేలిందో ఇక్కడ రాస్తున్నాను. మా రెండు ప్రోగ్రామ్‌లనూ మొదటిది, రెండోది అనే పిలుస్తాను. ఒక సైట్‌కు కలిగిన అనుభవాన్ని పట్టుకుని ఒక సంస్థ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు, పైగా పేర్లు లేకపోయినా ఇందులోని కారణాలు అర్థమవుతాయి.

అనుకరణ ఎక్కడ మొదలైంది

మొదట కొంత పూర్వకథ చెప్పాలి, ఎందుకంటే యజమాని ప్రశ్నలోని "రెండూ ఒకటే" అన్న మాటకు మూలం అక్కడే ఉంది. ఈ రంగంలో వెనక వచ్చినవారందరూ గూగుల్‌ను చూసి రాసుకున్నవారేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అది సగమే నిజం. ప్రకటనదారులు తాము ఎంచుకున్న మాట మీద క్లిక్‌కు ధర కట్టి, ఆ ధరను వేలంలో తేల్చే పద్ధతిని శోధన ఫలితాల్లో వ్యాపారంగా నిలబెట్టింది బిల్ గ్రాస్ 1998లో మొదలుపెట్టిన గోటూ డాట్ కామ్. అదే 2001లో ఓవర్చర్ అయింది. 2000 అక్టోబరులో గూగుల్ తన శోధన ప్రకటనల సేవ యాడ్‌వర్డ్స్‌ను తెచ్చినప్పుడు ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్కన ధర కట్టించుకునేది. క్లిక్ వేలం అందులోకి వచ్చింది 2002 ఫిబ్రవరిలో. అదే ఏప్రిల్‌లో ఓవర్చర్ తన పేటెంటును ఉల్లంఘించారంటూ గూగుల్ మీద దావా వేసింది. 2003లో ఓవర్చర్‌ను యాహూ కొనుక్కుంది, 2004 ఆగస్టులో గూగుల్ 27 లక్షల షేర్లను యాహూకు ఇచ్చి రాజీ చేసుకుంది.

అయితే గూగుల్ ఆ పద్ధతిని ఉన్నదున్నట్టుగా ఎత్తుకురాలేదు. ఓవర్చర్‌లో హెచ్చు పాట పాడినవారి, అంటే వేలంలో ఎక్కువ ధర పలికినవారి ప్రకటన పైన ఉండేది, అంతటితో లెక్క తీరిపోయేది. గూగుల్ పాట మొత్తంతో పాటు ఆ ప్రకటనను జనం ఎంత తరచుగా నొక్కుతున్నారో కూడా కలిపి చూసింది. 50 సెంట్లు పాడినవారి ప్రకటనను నూరుమందిలో ఒక్కరే నొక్కితే వచ్చేది 50 సెంట్లు. 30 సెంట్లు పాడినవారి ప్రకటనను నూరుమందిలో ముగ్గురు నొక్కితే వచ్చేది 90 సెంట్లు. రెండోదాన్ని పైన పెడితే పాఠకుడికి పనికొచ్చే ప్రకటన దొరుకుతుంది, ప్రకటనదారుకు తక్కువ ధరకు ఎక్కువమంది వస్తారు, వేలం నడిపేవారికి ఆదాయమూ పెరుగుతుంది. దీనితో పాటు, గెలిచినవారు తాము పాడిన మొత్తమంతా కట్టనక్కర్లేదు, తమ వెనక ఉన్నవారిని దాటడానికి ఎంత చాలునో అంతే కడితే సరిపోతుందన్న నియమం కూడా వచ్చింది. పాడినంతా కట్టవలసిన ఓవర్చర్ వేలంలో ప్రకటనదారులు ఒకరి మీద ఒకరు సెంటు సెంటుగా పెంచుకుంటూ పోయి, ఒకచోట విసిగి ఒక్కసారిగా కిందికి దిగి, మళ్లీ మొదటి నుంచి పెంచడం మొదలుపెట్టేవారు. కొత్త నియమం ఆ శ్రమను చాలావరకు తగ్గించింది. చివరికి యాహూయే 2007 ఆరంభంలో పనామా పేరుతో తన వ్యవస్థను మార్చి, పాటతో పాటు ప్రకటన నాణ్యతనూ లెక్కలోకి తీసుకుంది. నా దృష్టిలో ఈ రంగం చూసిన అనుకరణల్లో ఫలించినవి ఇవే, ఎందుకంటే రెండుసార్లూ మారింది ప్రకటనదారుకు తన డబ్బుకు దక్కే ఫలితం.

శోధన పేజీని దాటి ఇతరుల పేజీల మీదికి ఈ ప్రకటనలు విస్తృతంగా వచ్చింది 2003లో. గూగుల్ మార్చిలో కొద్దిమంది పబ్లిషర్లతో, అంటే తమ పేజీల్లో ప్రకటనలకు చోటిచ్చే సైట్‌లవారితో మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో పదాల అర్థాన్ని పట్టుకునే సాంకేతికత ఉన్న అప్లైడ్ సెమాంటిక్స్ అనే సంస్థను 10.2 కోట్ల డాలర్లకు కొన్నది. జూన్‌లో చిన్న సైట్‌లు కూడా దరఖాస్తు చేసుకుని చేరగలిగే యాడ్‌సెన్స్‌ను తెరిచింది. ఓవర్చర్ అదే ఏడాది అలాంటిదే అయిన కంటెంట్ మ్యాచ్‌ను తెచ్చింది. 2005 ఆగస్టులో యాహూ పబ్లిషర్ నెట్‌వర్క్ అమెరికా పబ్లిషర్లకు మాత్రమే పరిమితమైన బీటాగా, అంటే ప్రయోగ దశలో వచ్చింది, ఆ తరువాత మైక్రోసాఫ్ట్ పబ్‌సెంటర్ వచ్చింది, వీటి మధ్య చిన్నవి ఎన్నో వచ్చాయి. అన్నింటికీ పెట్టెలో నీలిరంగు శీర్షిక, దాని కింద రెండు వరుసల వివరణ, ఆ కింద సైట్ చిరునామా. 2007 జనవరి దాకా యాడ్‌సెన్స్ నియమాలు ఒకే పేజీలో మరో సందర్భోచిత ప్రకటనను ఒప్పుకునేవి కావు. ఆ నెలలో నియమాన్ని సడలించినప్పుడు, పక్కన పెట్టే వేరే ప్రకటనలు అమరికలోగానీ రంగుల్లోగానీ గూగుల్ ప్రకటనల్లా కనిపించకూడదని షరతు పెట్టారు. పెట్టెల పోలిక అప్పటికి ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి ఆ ఒక్క షరతు చాలు.

పరీక్ష

మా సైట్‌లో ఎక్కువగా చదివే పేజీలను విషయమూ పాఠకుల సంఖ్యా సరిపోలేలా రెండు భాగాలు చేసి, ఒక భాగంలో మొదటి ప్రోగ్రామ్‌ను, రెండో భాగంలో రెండో ప్రోగ్రామ్‌ను పెట్టాము. నాలుగు వారాల తరువాత భాగాలను తారుమారు చేశాము. పెట్టె స్థానం, కొలత, రంగులు రెండింటిలోనూ ఒకటే. ఒకే పేజీలో రెండూ పెట్టలేదు. నియమాల సంగతి అలా ఉంచినా, పక్కపక్కన ఉన్న రెండు పెట్టెల్లో పాఠకుడు దేన్ని నొక్కాడన్నది ఏ పెట్టె ముందు కంటపడిందన్న దాన్నిబట్టి మారిపోతుంది, అది మాకు అక్కర్లేని లెక్క. క్లిక్‌ల రేటు, ఒక్కో క్లిక్‌కు వచ్చిన మొత్తం, వెయ్యి పేజీ వీక్షణలకు వచ్చిన ఆదాయం రోజూ రాసుకున్నాము. వీటితో పాటు ఇరవై పేజీలను ఎంచుకుని రోజుకొకసారి తెరిచి, ఏ ప్రకటనలు కనిపించాయో ఒక నోటు పుస్తకంలో చేత్తో రాశాను. రిపోర్టులలోని అంకెల కన్నా ఆ పుస్తకమే నాకు ఎక్కువ నేర్పింది.

వాషింగ్ మెషీన్ డ్రమ్ము నుంచి దుర్వాసన వస్తే ఏం చేయాలన్న వ్యాసం మా సైట్‌లో ఎక్కువమంది చదివే పేజీల్లో ఒకటి. మొదటి ప్రోగ్రామ్ ఆ పేజీలో చూపిన నాలుగు ప్రకటనల్లో రెండు మెషీన్ విడిభాగాలవి, ఒకటి శుభ్రపరిచే పొడిది, ఒకటి మరమ్మతు సేవది. రెండో ప్రోగ్రామ్ అదే కొలత పెట్టెలో, అదే నీలిరంగు శీర్షికలతో చూపినవి వాయించే డ్రమ్ముల అమ్మకం, డ్రమ్ములు నేర్పే పాఠాలు, ఇంటి రుణం, సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌లు. వీటిని చూడగానే యజమాని, పేజీని చదివే సాంకేతికత నాసిరకంగా ఉందన్నారు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను.

వారం తరువాత నోటు పుస్తకం వేరే మాట చెప్పింది. ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చుకోవడం గురించిన పేజీలో రెండో ప్రోగ్రామ్ సరిగ్గా ఆ రబ్బరు అమ్మే సంస్థ ప్రకటననే చూపించింది. ఫ్రిజ్ గురించిన మిగతా పేజీలన్నింటిలోనూ అదే ప్రకటన, వారాల తరబడి అదొక్కటే, దాని కింద మళ్లీ ఇంటి రుణాలు. అంటే పేజీ దేని గురించో యంత్రానికి తెలుస్తూనే ఉంది. తెలిసినా చూపడానికి దాని దగ్గర సరుకు లేదు. వాషింగ్ మెషీన్ల మీద పాట పాడినవారు ఎవరూ లేకపోవడంతో అది పేజీలోని మాటలను ఒక్కొక్కటిగా వదులుకుంటూ, చివరికి తన దగ్గర ప్రకటన ఉన్న మాట దాకా, అంటే డ్రమ్ము దాకా దిగింది. అదీ చాలనప్పుడు అన్ని పేజీల్లోనూ తిరిగే రుణాలనూ రింగ్‌టోన్‌లనూ తెచ్చి ఖాళీ నింపింది. సాంకేతిక లోపంగా కనిపించినదానికి అసలు కారణం ప్రకటనదారుల కొరత.

డబ్బు ఎక్కడ తేడా వచ్చింది

మొత్తం కేసులో కీలకమైన విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఈ తరహా వేలంలో గెలిచినవారు కట్టేది తమ వెనక నిలబడినవారి పాటను దాటడానికి కావలసిన మొత్తం. కాబట్టి పబ్లిషర్ ఆదాయాన్ని నిర్ణయించేది గెలిచినవారి సత్తా కన్నా ఓడినవారి సత్తా. ప్రకటన నాణ్యత లెక్కను కాసేపు పక్కన పెట్టి ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మాట మీద ముగ్గురు వరుసగా 60, 55, 50 సెంట్లు పాడారనుకుంటే, గెలిచినవారు దాదాపు 55 సెంట్లు కడతారు. పబ్లిషర్ వాటా 68 శాతమైతే చేతికి 37 సెంట్లు వస్తాయి. మరో ప్రోగ్రామ్‌లో అదే సంస్థ అదే 60 సెంట్లు పాడింది, కానీ దాని వెనక ఉన్నది 10 సెంట్లు పాడినవారు ఒక్కరే అనుకుందాం. గెలిచినవారు కట్టేది 10 సెంట్ల పైచిల్లర. వాటా 80 శాతమిచ్చినా పబ్లిషర్‌కు దక్కేది 8 సెంట్ల చిల్లర. ఎనభైలో అరవైఎనిమిది తీసేస్తే మిగిలే పన్నెండు శాతం ఆశ చూపి, ముప్పై ఏడును ఎనిమిది చేస్తారన్నమాట. వెనక ఎవరూ లేకపోతే కనీస ధరే గతి. మా ఫ్రిజ్ పేజీల్లో జరిగింది అదే: ఒకే ఒక పాటదారు, పోటీ లేని పాట.

వాటా శాతం ఎక్కువని చెప్పే ప్రతి ఆహ్వానాన్నీ ఈ లెక్క ముందు పెట్టి చూడాలి. పైగా 2008లో ఆ పోలికకు ఆధారమే దొరికేది కాదు. గూగుల్ యాడ్‌సెన్స్‌లో పబ్లిషర్‌కు కంటెంట్ ప్రకటనల (పేజీలోని విషయాన్ని బట్టి చూపేవాటి) మీద 68 శాతం, శోధన ప్రకటనల మీద 51 శాతం ఇస్తున్నానని బయటపెట్టిందే 2010 మే నెలలో. దేనికన్నా ఎక్కువో తెలియని స్థితిలో ఎక్కువ అన్న మాటకు విలువ ఏముంటుంది?

అయినా మొదటి రెండు వారాల్లో రెండో ప్రోగ్రామ్ వెనకబడలేదు. పేజీకి సరిపడని ప్రకటనలే చూపినా, క్లిక్‌లు తక్కువే వచ్చినా, రుణాల ప్రకటనల మీద వచ్చిన ఒక్కో క్లిక్ మొత్తం బాగా ఎక్కువగా ఉండడంతో వెయ్యి వీక్షణల ఆదాయం ఇంచుమించు సమానంగా నిలిచింది. యజమాని అప్పుడే మారిపోదామన్నారు. నేను ఆగమని గట్టిగా చెప్పాను. ఫ్రిజ్ మరమ్మతు చదువుతూ పొరపాటునో ఆసక్తితోనో రుణం ప్రకటన నొక్కినవారు రుణం తీసుకునే అవకాశం చాలా తక్కువ. ఆ క్లిక్‌కు శోధనలో కట్టే ధరనే కడుతున్న ప్రకటనదారు లెక్కలు చూసుకున్న రోజున వెళ్లిపోతారు. ఆ తరువాత అదే జరిగింది. రుణాల ప్రకటనలు పలచబడ్డాయి, వాటి స్థానంలో ఇంకా చవకవి వచ్చాయి, ఒక్కో క్లిక్ మొత్తం మొదటి ప్రోగ్రామ్‌లో వచ్చేదానిలో సగానికన్నా కిందికి దిగి ఎనిమిదో వారం దాకా లేవలేదు. భాగాలు తారుమారు చేసినా ఫలితం మారకపోవడంతో, తేడా పేజీల వల్ల రాలేదని రూఢి అయింది.

ఈ ప్రమాదాన్ని గూగుల్ 2004 ఏప్రిల్‌లోనే ఎదుర్కొంది. స్మార్ట్ ప్రైసింగ్ పేరుతో, ఒక పేజీ నుంచి వచ్చే క్లిక్ కొనుగోలుగానో నమోదుగానో మారే అవకాశం తక్కువని తన లెక్కల్లో తేలితే, ప్రకటనదారు కట్టే ధరను తనంతట తానే తగ్గించడం మొదలుపెట్టింది. పబ్లిషర్లకు అది బాధ కలిగించింది, రాత్రికి రాత్రి ఆదాయం పడిపోయిందని వాపోయినవారిని నేను చూశాను, వారి బాధ అబద్ధం కాదు. కానీ ఆ తగ్గింపు లేకపోతే ప్రకటనదారులు కంటెంట్ పేజీలను మొత్తంగా వదిలేసేవారు. తరువాత వచ్చిన ప్రోగ్రామ్‌ల నిర్వాహకులు పెట్టెను, రంగులను, కోడ్‌ను తెచ్చుకున్నారు. పబ్లిషర్లకు కనబడని, కనబడితే నచ్చని ఈ తగ్గింపును తెచ్చుకోవడం వారికి అంత సులువు కాలేదు. ఏ పేజీ క్లిక్ ఎంత విలువైనదో చెప్పాలంటే క్లిక్ తరువాత ఏం జరిగిందన్న సమాచారం లెక్కలేనంత మంది ప్రకటనదారుల నుంచి చేరాలి, అది చేరాలంటే ముందు ప్రకటనదారులు ఉండాలి. పబ్లిషర్లను ఆకర్షించి ప్రకటనదారులు వాళ్లంతట వాళ్లే వస్తారని ఆశించడమే అనుకరించినవారిలో చాలామంది చేసిన పొరపాటు.

ఒక ఫిర్యాదు కూడా ఇక్కడ నమోదు చేయాలి. రెండో నెల చెల్లింపులో రెండో ప్రోగ్రామ్ చెల్లని క్లిక్‌ల పేరుతో కొంత మొత్తాన్ని కోసింది. చెల్లని క్లిక్‌లను తీసేయడం సరైన పనే. ఈ విషయంలో ప్రకటనదారులు కోర్టుకు ఎక్కగా గూగుల్ 2006లో 9 కోట్ల డాలర్ల దాకా వెచ్చించే రాజీకి రావలసి వచ్చింది. నేను అడిగిందల్లా ఏ పేజీలో, ఏ తేదీన అని. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ముందే రాసిపెట్టుకున్న ఒకే సమాధానం వచ్చింది. కఠినమైన నియమాన్ని కూడా అరువు తెచ్చుకోవచ్చు గానీ, దాన్ని నమ్మకంగా అమలు చేసే మనుషులను, రికార్డులను ఎవరికి వారు కూడగట్టుకోవలసిందే.

భిన్నంగా నిలిచినవారు

ఇంత చెప్పిన తరువాత, వెనక వచ్చినవారెవరూ నిలవలేదని ఎవరైనా అనుకుంటే అది తప్పు. 2005లో చితికా అనే సంస్థ ఈమినీమాల్స్ పేరుతో తెచ్చిన ప్రకటన ఒక వస్తువు బొమ్మనూ ధరలనూ ట్యాబులుగా చూపే వేరే తరహా పెట్టె. ఏ వస్తువు చూపాలో పబ్లిషరే కీవర్డ్‌తో చెప్పవచ్చు, అందువల్ల అది పేజీని చదివే ప్రకటనలకు తోడుగా ఇమిడింది. క్విగో సంస్థ తన ప్రకటనల ప్రోగ్రామ్ యాడ్‌సోనార్‌లో ప్రకటనదారుకు తన ప్రకటన ఏ సైట్‌లో వస్తోందో చూపించి, ఆ సైట్‌నే ఎంచుకోనిచ్చింది, పబ్లిషర్‌ను సొంత పేరుతో అమ్ముకోనిచ్చింది. పెద్ద ప్రోగ్రామ్‌లలో అప్పటికి అంత స్పష్టత లేదు. గూగుల్ 2005లో సైట్‌ను ఎంచుకునే పద్ధతిని, 2007లో ప్రకటన కనిపించిన సైట్‌ల వారీ రిపోర్టును తెచ్చింది. ప్రకటనదారులు కోరుతున్నది ఏమిటో చిన్నవారి వేదికల్లో ముందు బయటపడి, పెద్దవారి దాకా చేరిందని నేను నమ్ముతాను. 2007 నవంబరులో క్విగోను అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ కొన్నది. 2012లో మీడియా డాట్ నెట్ అనే సంస్థ యాహూ, బింగ్ శోధన ప్రకటనదారులను వెనక పెట్టుకుని సందర్భోచిత ప్రోగ్రామ్‌ను తెచ్చింది. పెట్టెలో మొదట కీవర్డులను చూపి, నొక్కితే ఆ మాటకు సంబంధించిన ప్రకటనల పేజీని తెరవడం దాని పద్ధతి. పాటదారులను సమకూర్చుకున్నాక పబ్లిషర్ల దగ్గరికి రావడంలోనే ఆ ప్రోగ్రామ్ బలం ఉంది. ఆ సంస్థను 2016లో ఒక చైనా కూటమి సుమారు 90 కోట్ల డాలర్లకు కొన్నది.

మరోవైపు, యాహూ పబ్లిషర్ నెట్‌వర్క్ బీటా 2010 ఏప్రిల్ నెలాఖరుతో మూతపడింది, పబ్లిషర్లకు ప్రత్యామ్నాయంగా చితికాను చూపించింది. చితికా కూడా 2019లో మూతపడింది.

మేము తీసుకున్న నిర్ణయం

ఎనిమిది వారాలు పూర్తయ్యాక మొదటి ప్రోగ్రామ్‌నే కొనసాగించాలని యజమానికి రాతపూర్వకంగా సిఫారసు చేశాను. రెండోదాన్ని పూర్తిగా తీసేయలేదు. పాత మోడళ్ల గురించిన పేజీలు కొన్నింటిలో మొదటి ప్రోగ్రామ్‌కు కూడా ప్రకటనలు దొరక్క, సేవాసంస్థల ఉచిత ప్రకటనలే వచ్చేవి. అక్కడ ఎంత తక్కువ వచ్చినా లాభమే కాబట్టి రెండోదాన్ని ఉంచాము. తరువాత కొత్త ప్రోగ్రామ్ ఏది ఎదురైనా నేను వాటా శాతాన్ని చివరన అడిగేవాడిని. మా పేజీల్లోని ముఖ్యమైన పది మాటలు ఇచ్చి, ఒక్కోదాని మీద ఎంతమంది పాడుతున్నారో, రెండో స్థానంలో ఉన్నవారి పాట ఎంతో చెప్పమనేవాడిని. కొందరు అంకెలు పంపారు, కొందరు తరువాత పంపుతామన్నారు, కొందరి నుంచి మళ్లీ మెయిల్ రాలేదు.

రెండేళ్లు తిరక్కముందే రెండో ప్రోగ్రామ్ నెల రోజుల గడువిచ్చి సేవ ఆపేసింది. ఆ కోడ్‌ను మేము పేజీ పేజీకీ చేత్తో అతికించాము కాబట్టి తీయడమూ అలాగే చేయవలసి వచ్చింది. మూడు రోజులు పట్టింది. ఆ పనిలో ఉండగానే ప్రకటనల కోడ్ మొత్తాన్ని ఒకే టెంప్లేట్ ఫైలులోకి మార్చాము.